కోరంగి రేవు

కాకినాడనుండి యానామునకు పోవు బాటలో, చొల్లంగి దాటి తాళ్లరేవు చేరకమున్నే, కోరంగి యను గ్రామము తగులును. బస్సు అచ్చట ఒక్క నిమిషము మాత్రమే ఆగును. దిగువారిలో ఊరివారు కొందరు, మడ అడవులను చూడవచ్చినవారు కొందరు. ఆ వచ్చినవారు చెక్కబాటపై అడవిలో నడచి, పడవనెక్కి, కొంగలను చూచి, సాయంకాలమునకు మరలిపోవుదురు. రేవు ఎక్కడ నుండెనని అడుగువారిని, మేము పోయిన దినమున, ఒక్కరినైనను చూడలేదు. అడిగినను చూపుట కేమియు లేదు. అడుగున బురద, పైన మడచెట్లు, నడుమ పాయలో ఆటుపోటులనుబట్టి హెచ్చుచు తగ్గుచుండు నీరు. అంతే.

అయినను, రెండువందల సంవత్సరముల క్రిందట బంగాళాఖాతమున తిరిగిన నావికులలో ఈ యూరిపేరు వినని వాడు లేడనవచ్చును. 1878లో గోదావరి జిల్లాను గూర్చి గ్రంథము ప్రకటించిన హెన్రీ మారిస్ దొర, కలకత్తాకును సింహళమునందలి ట్రింకోమలికిని నడుమ, పెద్ద ఓడలను మరమ్మతునకు చేర్చదగిన చోటు పూర్వమున కోరంగి యొక్కటియే యని వ్రాసినాడు. చెన్నపట్టణము ఆ నడుమనే యున్నది. మచిలీపట్నమును, విశాఖపట్నమును ఆ నడుమనే యున్నవి. వానికి లేని సదుపాయము ఈ పల్లెకు ఎట్లు కలిగినది? కలిగినది ఎట్లు పోయినది? ఉప్పెన వచ్చి ముంచివేసినదని సాధారణముగా చెప్పుదురు. మేమును చిన్ననాట అట్లే విని అట్లే నమ్మితిమి. ఆ మాటలో నిజము కొంత కలదు గాని, నిజమంతయు లేదు.

మొదట పేరును గూర్చి ఒక్క మాట. మారీచుడు మాయలేడియైన తావు ఇదియే యనియు, లేడికి సంస్కృతమున కురంగమని పేరు గావున ఊరికి కోరంగి యని పేరు వచ్చినదనియు స్థానికులు చెప్పుకొందురు. ఇంగ్లీషు నిఘంటుకారులు కళింగ శబ్దమే చెడి కోరంగి యైనదని ఊహించిరి. రెండును ఊహలే. లేడి కథయే వినుటకు సొంపుగా నున్నది. గోదావరి సప్తశాఖలుగా చీలి సముద్రమును చేరునని మన పెద్దల నమ్మకము. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగివద్ద స్నానము చేసి సప్తసాగరయాత్రకు బయలుదేరు ఆచారము నేటికిని కలదు. కోరంగి ఆ పుణ్యభూమి నడుమ నున్నది. ఓడలకంటె ముందు ఇచ్చటికి వచ్చినవారు యాత్రికులే.

ఇక రేవు సంగతి. మన తూర్పుతీరము ఓడలకు అనుకూలమైనది కాదు. ఇసుకతిన్నెలు తిన్నగా సముద్రములోనికి దిగును. కెరటములు నేరుగా వచ్చి తీరమును కొట్టును. చెన్నపట్టణమువంటి చోట్ల ఓడలు దూరమున లంగరు దించగా, సరకులను, మనుష్యులను మసూలా పడవలలో కెరటములమీదుగా ఒడ్డు చేర్చవలసి యుండెను. కాని గౌతమీ గోదావరి యానామునకు సమీపమున ఉత్తరముగా ఒక చిన్న పాయను విడుచును. అదియే కోరంగి పాయ. నది తెచ్చిన ఇసుక, సముద్రముఖమున, ఉత్తరమునకు చాచిన చేయివలె, దిబ్బగా పెరిగినది. ఆ చేతికిని తీరమునకును నడుమ నున్న అఖాతములో, నైరృతి గాలులు వీచు దినములలో సయితము, నీరు చెరువువలె నిలుకడగా నుండును. అడుగున మెత్తని బురద. ఓడ నేల తగిలినను పగులదు. పోటువేళ చూచుకొని పాయలోనికి లాగి, ఆటునీరు తీయగానే అడుగు కడిగి, నాచును, నత్తగుల్లలను గీకి, చెడిన పలకను మార్చి, మరల పోటు వచ్చువరకు వేచియుండవచ్చును. చెక్క ఓడకు ఇంతకంటె కావలసిన దేమి?

దీనికి తోడు రెండు సంపదలు. ఒకటి ఎగువ గోదావరి అడవులలోని టేకు. దానిని తెప్పలుగా కట్టి వరదనీటిలో వదలినచో, బండియు, ఎద్దులును అక్కరలేకయే డెల్టాకు చేరును. రెండవది మనుష్యుల చేతిపని. నరసాపురము, మాధవాయపాలెము ప్రాంతములలో 17వ శతాబ్దిలోనే ఓడలు కట్టు వడ్రంగులు పేరుపొంది యుండిరి. ఐరోపా వర్తకులు తమ ఓడలను అచ్చటనే కట్టించుకొనిరి. వాసిష్ఠ ముఖమున ఆ పని సన్నగిల్లిన కొలది, గౌతమి ముఖమున కోరంగిలోను, తాళ్లరేవులోను హెచ్చినది.

చుట్టును ఐరోపీయుల కొఠీలు వెలసినవి. కోరంగికి అనతిదూరమున నున్న ఇంజరములో 1708లో ఇంగ్లీషు కంపెనీవారు కొఠీ పెట్టిరి. సన్నని తెల్లబట్టకు ఇంజరము పేరుగన్నది. ఫ్రెంచివారు 1723లో యానాము వచ్చి, కొలదికాలములోనే విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. డచ్చివారు ఉత్తరమున జగన్నాథపురములో, అనగా నేటి కాకినాడలోని ఒక పేటలో, స్థిరపడిరి. ఒక్క దినపు నడకలో మూడు జాతుల జెండాలను చూడగలిగిన దేశము! మూడు జెండాల క్రిందను బట్ట నేసినవారు మాత్రము ఒక్కరే: చుట్టుపట్ల గ్రామముల తెలుగు సాలెలు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి సంవత్సరము మచిలీపట్నపు కోటను పట్టుకొనిన పిమ్మట ఈ తీరమంతయు ఇంగ్లీషువారి చేతికి చిక్కెను. యానామును ఫ్రెంచివారు పెక్కుమారులు పోగొట్టుకొని, పెక్కుమారులు తిరిగి పొంది, 1954 వరకు ఏలిరి. అది వేరొక కథ.

19వ శతాబ్ది తొలి సంవత్సరములలో రోబక్ అను ఆంగ్లేయుడు కోరంగిలో ఓడల మరమ్మతుకై విశేష ధనవ్యయముతో ఒక డాక్ నిర్మించినాడు. రాజుగారి యుద్ధనౌకలను సయితము అందులో చేర్చవచ్చునని ఆనాటి ఆశ. కోరంగి మంచిదినములలో ఆ పాయయొడ్డు ఎట్లుండునో శ్రోతలు ఊహించుకొనవచ్చును. ఒకవైపు టేకుదూలములను కోయు రంపముల చప్పుడు. మరియొకవైపు పలకల సందులలో పీచు దూర్చి, గుగ్గిలమును నూనెయు కాచి పూయువారి మూకుళ్ల పొగ. తెరచాపలు కుట్టువారు, మోకులు పేనువారు, లంగరులు సాగగొట్టు కమ్మరులు. సరంగులు, తండేళ్లు, కళాసులు. వియ్యపురాటలకంటె పొడవైన కొయ్యలు వందలుగా నిలిచిన అడవివంటి రేవు. బియ్యము, బట్ట, ఉప్పు, నూనెగింజలు పోవుచుండెను. బర్మానుండి టేకు, వక్క, మలయా ద్వీపములనుండి సుగంధద్రవ్యములు వచ్చుచుండెను.

ఈ రేవును ఆదుకొన్న స్థలమహిమయే దానికి ముప్పును తెచ్చినది. ఈ సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. అఖాతము లోతు తక్కువ. మూడువైపుల నేల చుట్టియున్నది. నేల పల్లము. మామూలు దినములలో ఇది రక్షణ. కార్తిక, మార్గశీర్షములలో నడిసముద్రమున తుపాను పుట్టి ఇటు తిరిగినచో, గాలి నీటినంతయు ఈ ఇరుకైన మూలకు నెట్టును. లోతైన సముద్రమైనచో ఆ నీరు అడుగునబడి వెనుకకు పోవును. ఇచ్చట పోవుటకు తావు లేదు గావున పైకి లేచును. తెలుగువారు దీనికి ఉప్పెన యని పేరు పెట్టిరి. గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివానకు ఇంటికప్పు పోవును. ఉప్పెనకు ఇల్లుండిన నేల పోవును. ఇంగ్లీషువారు ఈ భేదమును తెలియక రెండింటిని చాలకాలము ఒకే మాటతో చెప్పిరి.

1789 డిసెంబరులో అట్టి ఉప్పెన కోరంగిమీదికి వచ్చెను. పోటు నిండుగా నున్న వేళ, గాలి ఉద్ధృతముగా వీచుచుండగా, మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చినవనియు, మొదటిది ఓడలను ఒడ్డునకు విసరి ఊరిలోనికి నీరు తెచ్చినదనియు, రెండవది పల్లపు భూములనన్నిటిని ముంచినదనియు, మూడవది మిగిలినదానిని కప్పివేసినదనియు, కొన్ని దశాబ్దుల తరువాత ఈ తీరమునకు వచ్చిన లాప్లాస్ అను ఫ్రెంచి నావికుడు వ్రాసిపెట్టినాడు. ఇరువదివేలమంది మరణించిరని చెప్పుదురు. లాప్లాస్ కన్నవాడు కాడు, విన్నవాడు. అయినను ఊరిలోని ముసలివారు అప్పటికి జీవించియుందురు గదా. మూడు తరంగములను గూర్చిన జ్ఞాపకము చెరగునట్టిది కాదు.

ఈ దుర్ఘటననుండి లోకమునకొక మాట లభించినది. హెన్రీ పిడింగ్టన్ అను నావికుడు, ఓడపని మానుకొని కలకత్తాలో స్థిరపడి, తుపానులలో చిక్కిన ఓడల దినచర్యలను సేకరించి, గాలి ఏ వేళ ఏ దిక్కున వీచెనో పటములపై గుర్తించుచు జీవితమంతయు గడపెను. తుపానుగాలి తిన్నగా పోవునది కాదు, చుట్టలు చుట్టుచు తిరుగునది యని అతడు స్పష్టపరచెను. చుట్టవేసుకొన్న పామును సూచించు గ్రీకుపదమునుండి సైక్లోన్ అను మాటను కల్పించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన గ్రంథములో వాడెను. అతని పరిశోధనలలో కోరంగి పేరు పలుమారులు వచ్చును. కోరంగివంటి ఆపద మరల రాగలదని, 1853లో బంగాళమున మాతలా నదిపై నూతన రేవును కట్టబూనిన ప్రభుత్వమునకు అతడు బహిరంగముగా లేఖ వ్రాసి హెచ్చరించినాడు. ఎవరును వినలేదు. పోర్ట్ కానింగ్ అను పేర ఆ పట్టణమును కట్టిరి. 1867లో తుపాను దానిని పాడుచేసినది. పిడింగ్టన్ అప్పటికి గతించి తొమ్మిదేండ్లయినది.

1839 నవంబరు 25న కోరంగికి రెండవ ప్రళయము. పిడింగ్టన్ ప్రత్యేకముగా వ్యాసము వ్రాసినది ఈ తుపానును గూర్చియే. ఇచ్చట మేము కొంచెము ఆగవలసియున్నది. ఈ తుపానులో మూడులక్షలమంది మరణించిరనియు, ఇరువదివేల ఓడలు నాశమైనవనియు, నలువదడుగుల ఎత్తున నీరు లేచినదనియు, లోకములోని ఘోరవిపత్తుల పట్టికలన్నిటిలో అచ్చువేయుచుందురు. ఒకరినిచూచి ఒకరు వ్రాయుదురు. మూడులక్షలన్నది మాటలు కాదు. అప్పటి రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్యను గమనింపుడు. 1821 ప్రాంతమున ఏడు లక్షలకు మించియుండెను. 1841 నాటికి ఆరు లక్షలకు లోబడినది. ఇరువదేండ్లలో ఈ తగ్గుదలకు, 1833 నాటి కరవును, పంటకాలువలు లేమియు, జమీందారీలలోని దుష్పరిపాలనయు కారణములుగా ఆనాటి అధికారులే నివేదించిరి. అంతయు కలిపినను తగ్గినది రెండు లక్షలకు లోపు. ఒక్క రాత్రిలో ఒక్క రేవువద్ద మూడు లక్షలు పోయినచో, ఆ జిల్లాలో పన్ను కట్టుటకు ఎవరు మిగులుదురు? ఇక ఇరువదివేల ఓడలు! తూర్పుతీరపు రేవులలోని ఓడలు, దోనెలు, చేపల తెప్పలు అన్నియు కూర్చినను అంత సంఖ్య కాదు. 1789లో మరణించిన ఇరువదివేలమంది, ఎవరో ఒకరి కలము జారి, 1839లో మునిగిన ఇరువదివేల ఓడలైరని మా యూహ.

సంఖ్యను తగ్గించుట విపత్తును తగ్గించుట కాదు. నిజముగా మరణించినవారు వేలకొలది యుందురు. వారి పేర్లు ఏ దస్తరమునను లేవు. వ్రాసియుంచుటకు కంపెనీ గుమాస్తాలకు ఓడల లెక్కలు, ఉప్పు లెక్కలు ఉన్నవి. పేర్లు లేనిచోట పెద్దసంఖ్య వచ్చి కూర్చుండును. అదియే మాకు కష్టముగా నున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఉప్పెనయే కోరంగిని చంపినచో, 1789లోనే చంపవలెను. కాని ఆ తరువాత పండ్రెండు పదమూడేండ్లకే రోబక్ డాక్ వెలసినది! వర్తకులు సొమ్ము పోయుట ఆశ చచ్చినచోట కాదు. 1839 తరువాతను ఓడలు వచ్చినవి, కట్టబడినవి, మరమ్మతులు జరిగినవి. ఇల్లు పోయిన వడ్రంగి మరల గుడిసె వేసికొని గొడ్డలి పట్టినాడు. నీరు ఒక్క రాత్రిలో వచ్చి ఒక్క రాత్రిలో పోవును. ఒండ్రు అట్లు కాదు. అది వచ్చినదియు తెలియదు, పోవుటయు లేదు.

గోదావరి సహ్యాద్రినుండి వచ్చుచు దక్కనులోని నల్లరేగడిని, తూర్పుకనుమల ఎర్రమట్టిని కడిగి తెచ్చి డెల్టా ముఖమున దింపును. నదికి ఇది అనాదిగా నున్న పనియే. డెల్టా పుట్టినదే అట్లు. రేవునకు ఆసరాగా నిలిచిన ఇసుకదిబ్బ ఏటేటా ఉత్తరమునకు పెరిగినది. నేడు హోప్ ద్వీపమని పిలువబడు పదునారు కిలోమీటర్ల ఇసుకదిబ్బ గడచిన రెండుశతాబ్దులలో ఏర్పడినదే. లోపలి అఖాతము పూడుచు వచ్చినది. పాయముఖమున తిప్ప మెరకయైనది. ఒక తరమున పెద్ద ఓడలు పోటుపాటులతో పనిలేక వచ్చెడివి. తరువాతి తరమున అమావాస్య పూర్ణిమల పెద్దపోటుకై వేచియుండవలసి వచ్చినది. ఆపై సరకంతయు దించి ఖాళీ ఓడను లాగవలసి వచ్చినది. కట్టకడపట దోనెలు మాత్రమే మిగిలినవి. డాక్ బురదతో నిండెను. ఈ చావును చూచి ఏ ఫ్రెంచి నావికుడును గ్రంథము వ్రాయలేదు.

లోకమును మారుచుండెను. ఇంజరము కొఠీ 19వ శతాబ్ది మూడవ దశాబ్దిలోనే మూతపడినది. మాంచెస్టరు మరబట్ట వచ్చి మన సాలెల బట్టకు గిరాకి పోయినది. డచ్చివారి జగన్నాథపురము 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఇంగ్లీషువారిదైనది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ప్రారంభించి 1852లో ముగించెను. డెల్టాలో వరి విస్తారముగా పండ నారంభించెను. పంట పెరిగినచో రేవు పెరుగవలెను గదా. పెరిగినది, కాని కోరంగి కాదు, కాకినాడ. కాలువలు పంటనీటికే గాక పడవల రాకపోకలకును తగినట్లు త్రవ్వబడెను. రాజమహేంద్రవరము దిక్కునుండి పడవ నేరుగా కాకినాడ గిడ్డంగుల ముందు నిలుచును. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగి అచ్చటి ప్రత్తి రానందున, మన ప్రత్తికి గిరాకి హెచ్చి కాకినాడ వర్తకులు ధనవంతులైరి. 1866లో కాకినాడకు పురపాలక సంఘ మేర్పడెను. తరువాత సామర్లకోటనుండి రైలు వచ్చెను.

అన్నిటికంటె మించినది ఆవిరి ఓడ. ఇనుప ఓడకు కోరంగి వడ్రంగితో పనిలేదు. దాని అడుగు కడుగుటకు ఆటుపోటుల పాయ చాలదు. 1856లో కలకత్తాకును బర్మాకును నడుమ ఆవిరి ఓడలు నడుపుటకు ఒక సంఘ మేర్పడి, అదియే తరువాత బ్రిటిష్ ఇండియా కంపెనీయై మన తీరమంతట వ్యాపించెను. 1869లో సూయజు కాలువ తెరచిరి. కాకినాడలోను ఓడలు మైళ్లదూరమున ఆగవలసినదే. అయినను కాలువయు, రైలును, బ్యాంకియు, కస్టమ్సు కచేరియు ఒక్కచోట చేరినందున వర్తకుడు ఆ శ్రమకు ఓర్చుకొనెను. కోరంగినుండి కాకినాడకు పదిమైళ్లే. కోరంగి వర్తకులు ఆ పదిమైళ్లు నడచిపోయిరి. పట్టణమొకటి చచ్చుటకు పదిమైళ్లు చాలును.

పోలేనివారు ఏమైరి? ఇది మాకు రేవుకథ కంటెను ముఖ్యమైన కథగా తోచును. 1830ల నుండి మారిషస్ ద్వీపమునకు చెరకుతోటల పనికై కూలీలను కొనిపోవుట మొదలైనది. కోరంగి పాకెట్ అను ఓడ తమ పూర్వులను తెచ్చినదని మారిషస్ తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. ఆ పేరే గల ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున పగడాల సముద్రములో దిబ్బకు తగిలి పగిలినది. అచ్చటి చిన్నద్వీపములను నేటికిని కోరంగి దీవులని వ్యవహరింతురు. చెట్టుచేమ తక్కువగల ఆ ఇసుకమీద పక్షులుతప్ప కాపురముండు వారు లేరు. మన గోదావరి పల్లె పేరు అచ్చటికెట్లు పోయినదని ఆ పక్షుల నడుగవలెను!

అంతకంటె విచిత్రము బర్మా సంగతి. తెరచాప ఓడల కాలమున కోరంగి కళాసులు రంగూనుకును, మౌల్మేనుకును ఎడతెగక పోవుచుండిరి. అందువలన బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనసాగిరి. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట, కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నములనుండి ఆవిరి ఓడలలో వేలకొలది కూలీలు పోయి రంగూను రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. మనవారు ఆ పట్టణమును రంగమనిరి. శ్రీకాకుళమువాడైనను, విశాఖవాడైనను, కోరంగి ముఖమెన్నడును చూడనివాడైనను, రంగమున దిగినచో కోరంగీయే. ఊరు పూడిపోయిన తరువాత దాని పేరు ఒక జాతిపేరైనది. అదియు గౌరవమైన పేరు కాదు. బరువు మోయువానిని పిలుచు పేరు.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. ఓడల యజమానులు బర్మావారిని పనికి తెచ్చిరి. సమ్మె పరిష్కారమైన పిమ్మట బర్మావారిని పొమ్మనిరి. ఇరువురి పేదరికమును ఒకరిమీదికొకరిని ఉసికొల్పినట్లైనది. మే 26న మొదలైన కలహములో నూరుమందికి పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు మనవారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుకొనగా లక్షలకొలది భారతీయులు అడవులలో, కొండలలో నడచి దేశమునకు మరలిరి. దారిలోనే రాలిపోయినవా రెందరో. ఆ సంవత్సరమే ఏప్రిల్ 6న జపాను విమానములు కాకినాడ మీదను, విశాఖ మీదను బాంబులు వైచినవి. కోరంగిమీద వేయుటకు అప్పటికి అచ్చట ఏమియు లేదు.

ఓడలను ముంచిన బురదలో మడచెట్లు మొలచినవి. మడ, తిల్ల, ఉప్పుపొన్న ఆ ఒండ్రును వేళ్లతో పట్టి నిలిపి అడవిగా విస్తరించినవి. 1978లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించెను. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇందున్నవి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటి కోనసీమను చిన్నాభిన్నము చేసినది. సముద్రముపై నున్న జాలరులు పెక్కుమంది తిరిగిరాలేదు. మడ అడవి అడ్డముండిన చోట్ల ఊళ్లకు నష్టము తగ్గినదని ఆ ప్రాంతమువారు చెప్పుదురు.

మేము పోయిన దినమున మమ్ము పడవలో త్రిప్పిన పెద్దమనిషిని ఓడల సంగతి అడిగితిమి. “ఆయ్, ఇక్కడే పెద్దపెద్ద ఓడలు కట్టేవోరంటండి. మా తాత చెప్పేవోడు. ఆయన నాన్నగారు రంగం ఎల్లి మరి రాలేదండి” అని చెప్పి, నీటివంక చూచి, చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకొనినాడు. ఆటు తీసియుండుటచేత పడవ బురదలో కూరుకొనియుండెను. గంటసేపు అట్లే కూర్చుంటిమి. పీతలు బురదలో బొరియలనుండి బయటికి వచ్చి, మమ్ము చూచి, మరల లోనికి పోవుచుండెను. తుదకు పాయ ముఖమునుండి నీరు మెల్లగా రాసాగినది. “పోటందుకుందండి, సర్దుకు కూకోండి” అని అతడు గడవేసి పడవను త్రోసెను.